ఎస్‌ఈఐనెట్‌లో అడవి టెపారీ రికార్డులు: చుక్కలు చూసి మురిసిపోకండి, లేబుల్ చదవండి

అరిజోనా, న్యూ మెక్సికో వైపు మొక్కల మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పే పేరు ఎస్‌ఈఐనెట్. ఎండబెట్టిన మొక్కల్ని మందపాటి కాగితాలకు అతికించి తరతరాలు దాచే చోటును హెర్బేరియం అంటారు కదా, అక్కడి హెర్బేరియంలన్నీ తమ బీరువాల్లో ఏముందో జనం వెతుక్కునేలా పెట్టిన వెబ్ పోర్టల్ ఇది. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో మొదలైంది. ఇప్పుడు టూసాన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ అరిజోనా, ఫీనిక్స్‌లోని డెజర్ట్ బొటానికల్ గార్డెన్, యూనివర్సిటీ ఆఫ్ న్యూ మెక్సికో, ఇంకా చాలా సంస్థల షీట్లు ఇందులో కనిపిస్తాయి. ఒక్క టూసాన్ హెర్బేరియంలోనే నాలుగు లక్షలకు పైగా షీట్లున్నాయి. పైసా కట్టక్కర్లేదు, వెతకడానికి లాగిన్ కూడా అక్కర్లేదు. హోటళ్లకీ మిక్సీలకీ పేజీలకు పేజీలు రివ్యూలు రాసుకుంటాం, ఇలాంటి దానికి ఎవరూ రాయరు, అందుకే ఈ రాత.

మొత్తం పోర్టల్ గురించి చెప్పడం నా వల్ల కాదు. ఒక్క మొక్కను పట్టుకుని చెప్తాను: అడవి టెపారీ, శాస్త్రీయ నామం ఫేసియోలస్ అక్యుటిఫోలియస్. మన రాజ్మాకి దగ్గరి చుట్టం, అదే ప్రజాతి. అరిజోనా ఆగ్నేయ మూల, న్యూ మెక్సికో, పశ్చిమ టెక్సాస్, ఉత్తర మెక్సికోల్లో ఎడారికీ కొండలకీ మధ్య గడ్డి మైదానాలుంటాయి, డెజర్ట్ గ్రాస్‌ల్యాండ్ అంటారు. గడ్డి, మధ్యమధ్య మెస్కిట్ చెట్లు. మెస్కిట్ అంటే ఎవరో కాదు, అనంతపురం రోడ్ల పక్కన, మహబూబ్‌నగర్ చెరువు గట్ల మీద మనకు విసుగు పుట్టించే సర్కారు తుమ్మ వంశమే. ఆ పొదల మీదకీ గడ్డి మీదకీ ఎగబాకే సన్న తీగ అడవి టెపారీ. ఒక్కో కాడకి మూడేసి సన్నని, మొన తేలిన ఆకులు, లేత ఊదారంగు చిన్న పూలు. అక్కడా రుతుపవనాలే, జూలై వానలకి మొలుస్తుంది, ఆగస్టు, సెప్టెంబర్లలో పూస్తుంది, అక్టోబర్ కల్లా కాయ ఎండి మెలితిరిగి పగిలి గింజల్ని విసిరేస్తుంది. అంత చిన్న జీవితం. ఎండకు, నీటి కరువుకు ఇంత తట్టుకుంటుంది కాబట్టే రాజ్మా జాతుల మీద పనిచేసేవాళ్లు దీని వెంట పడతారు. రాజ్మాకి వచ్చే ఆకు మచ్చ లాంటి బ్యాక్టీరియా తెగులుకి నిరోధక శక్తిని టెపారీ నుంచే తెచ్చుకున్నారు, దీని పూర్తి జన్యుక్రమం కూడా 2021లో వచ్చింది.

సరే, పోర్టల్. సెర్చ్ పేజీలో పేరు కొట్టగానే పక్కన పర్యాయనామాలు కూడా కలుపుకోమని ఒక టిక్ బాక్స్ ఉంటుంది. దాన్ని తీసేయకండి. ఎందుకో టెపారీకి అక్కచెల్లెలు లాంటి ఇంకో మొక్కతో చెప్తే సులువుగా అర్థమవుతుంది. ఫేసియోలస్ మాక్యులేటస్ అని అదే గడ్డి నేలల్లో, కొండ దిగువన పెరుగుతుంది, భూమిలో పెద్ద దుంప వేసుకుని ఏళ్ల తరబడి బతుకుతుంది. దీనికి ఆ పేరు 1848 నాటిది. తర్వాత 1908లో ఒకాయన అరిజోనాలోని శాంటా రీటా కొండల పేరు మీద రిటెన్సిస్ అన్నాడు, 1913లో ఇంకో ఇద్దరు న్యూ మెక్సికోలో మొక్కలు సేకరించిన మెట్‌కాఫ్ పేరు మీద మెట్‌కాఫై అన్నారు. మూడూ ఒకటే అని తేలేసరికి ఆ రెండు పేర్లతో ఎన్నో షీట్లు బీరువాల్లోకి వెళ్లిపోయాయి. ఆ టిక్ ఉంటే పోర్టల్ ఈ పాత పేర్లన్నీ తనే చూసుకుంటుంది. ఈ ఒక్క సౌకర్యానికే సగం మార్కులు ఇచ్చేయొచ్చు. సాగు చేసిన మొక్కల్ని కలపాలా వద్దా అని ఇంకో టిక్ ఉంటుంది. అడవి టెపారీ మాత్రమే కావాలంటే అక్కడ టిక్ పెట్టకండి, ఎందుకంటే టెపారీని వేల ఏళ్లుగా పండిస్తున్నారు, యూనివర్సిటీ ప్రయోగ క్షేత్రాల్లో పెంచినవి కూడా హెర్బేరియంలలో ఉంటాయి. అయినా ఈ ఫిల్టర్‌ని గుడ్డిగా నమ్మకూడదు. షీటు మీద "సాగు" అని పాతకాలం ఆయన రాయకపోతే కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది? ఆకు వెడల్పు, గింజ సైజు చూసి మీరే తేల్చుకోవాలి.

ఇక ఫోటోలు. నాకు బాగా నచ్చింది ఇదే. చాలా రికార్డులకు షీటు మొత్తం స్కాన్ చేసిన పెద్ద ఫోటో ఉంటుంది, జూమ్ చేస్తే ఆకు మీద నూగు కూడా కనిపిస్తుంది. ఫోన్‌లో కాకుండా ల్యాప్‌టాప్‌లో చూడండి, తేడా మీకే తెలుస్తుంది. అమెరికాలో షీటు సైజు దాదాపు అంతటా ఒకటే, పదహారున్నర అంగుళాల పొడవు, పదకొండున్నర వెడల్పు. అందులో తీగను ఇరికించడానికి సేకర్త పడ్డ తంటాలు చూస్తుంటే ముచ్చటేస్తుంది, చుట్లు చుట్లుగా మడిచి పెడతారు. కింద కుడి మూలన లేబుల్. దాని పక్కనో పైనో చిన్న చిన్న కాగితం ముక్కలు, "ఇది ఫలానా జాతి అని నేను నిర్ధారించాను" అని తర్వాత వచ్చిన నిపుణులు సంతకం, ఏడాది వేసి అతికించినవి. ఒక్కో షీటు మీద రెండు మూడు ఉంటాయి, ఒకరి మాట ఇంకొకరు కొట్టేస్తూ. ఊడిపోయిన గింజలు, కాయ ముక్కలు వేసే చిన్న కాగితం పొట్లం కూడా ఉంటుంది. అయితే ఆ పొట్లం ఫోటోలో మూసే ఉంటుంది! టెపారీని గుర్తుపట్టడానికి గింజ చాలా ముఖ్యం, అదేమో పొట్లంలో భద్రంగా నిద్రపోతుంటుంది. ఈ పోర్టల్ అనే కాదు, ఏ హెర్బేరియం స్కాన్ చూసినా ఇదే బాధ. మరీ అవసరమైతే ఆ హెర్బేరియం క్యూరేటర్‌కి మెయిల్ రాయాలి.

అసలు విషయం లేబుల్. చాలామంది నేరుగా మ్యాప్ తెరిచి ఎర్ర చుక్కలు చూసి, ఓహో ఇక్కడుందా అనుకుని వెళ్లిపోతారు. ఈ రికార్డుల్లో అన్నిటికన్నా తక్కువ నమ్మదగింది ఆ చుక్కే. అన్నిటికన్నా విలువైంది ఆ నాలుగు వాక్యాల లేబుల్.

టెపారీ కథే తీసుకోండి. చార్లెస్ రైట్ అనే సేకర్త 1849లో శాన్ ఆంటోనియో నుంచి ఎల్ పాసో దాకా సైనిక బండ్ల వెంట వెళ్లాడు, వెళ్లాడంటే చాలామటుకు నడిచాడు, మొక్కల కట్టలు మాత్రం బండ్లలో. ఆ మొక్కలు హార్వర్డ్‌లో ఉన్న ఏసా గ్రే దగ్గరికి చేరాయి. గ్రే వాటిని చూసి 1852లో ఈ తీగకి అక్యుటిఫోలియస్ అని పేరు పెట్టి ప్రచురించాడు. మరుసటి ఏడాది ఇంకా సన్నాకుల రకాన్ని టెన్యుఫోలియస్ అని వేరు చేశాడు. రైట్ 1851, 52లో అమెరికా, మెక్సికో సరిహద్దు సర్వే బృందంతో మళ్లీ అటు వెళ్లాడు. ఇప్పుడు ఆ కాలపు లేబుల్ ఏదైనా తీసి "సొనోరా" అనో "న్యూ మెక్సికో" అనో చూస్తే మీరేం అనుకుంటారు? సొనోరా అంటే మెక్సికో అనుకుంటారు. కానీ ఇవాళ్టి అరిజోనా దక్షిణ భాగం అప్పటికి మెక్సికోదే. 1853లో గాడ్స్‌డెన్ ఒప్పందం రాసుకుని ఆ మరుసటి ఏడాది అమల్లోకి వచ్చాకే అది అమెరికా చేతికి వచ్చింది. అరిజోనా అనే పరిపాలనా ప్రాంతం ఏర్పడిందే 1863లో, అంతకు ముందు అదంతా న్యూ మెక్సికో టెరిటరీ. అంటే లేబుల్ నిజమే చెప్తోంది, మనం దాన్ని ఇవాళ్టి మ్యాప్‌తో చదివితే తప్పు చదువుతాం. పాత రికార్డుని కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు రాష్ట్రం అనే గడి నింపాలి కదా, ఆ గడిలో ఏం పడిందన్నది ఎక్కించినవాళ్ల చరిత్ర జ్ఞానం మీద ఆధారపడి ఉంటుంది. అందుకే రాష్ట్రం పేరుతో ఫిల్టర్ పెట్టి "1860కి ముందు అరిజోనాలో టెపారీ లేదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. నిజాం కాలపు దస్తావేజులో ఊరి పేరు చూసి ఇప్పటి మండలాల మ్యాప్‌లో వెతికితే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

పేర్ల విషయంలోనే ఇంకోటి. అరిజోనా దక్షిణాన ఉండే మూలవాసులు టోహోనో ఓధమ్ జనాన్ని పాత లేబుళ్లలో పాపగో అని రాశారు, అది బయటివాళ్లు పెట్టిన పేరు. 1986లో వాళ్లు అధికారికంగా తమ పేరు తాము పెట్టుకున్నారు. కాబట్టి స్థలం గడిలో రెండు పేర్లతోనూ వెతకాలి, లేకపోతే సగం రికార్డులు చేజారతాయి. టెపారీని వాళ్లు తమ భాషలో "బావి" అంటారు (మన నీళ్ల బావి కాదు), వానాకాలపు వరద నీటిని పొలానికి మళ్లించి పండించేవారు. నీళ్లు మరీ ఎక్కువైతే టెపారీ ఆకు తప్ప కాయ పెట్టదు, ఈ సంగతి వాళ్లకి ఏ ప్రయోగశాలా చెప్పక్కర్లేకపోయింది. కానీ హెర్బేరియం లేబుల్‌లో ఇదంతా ఉండటం బహు అరుదు. సేకర్త పేరుంటుంది, నంబరుంటుంది, ఎత్తు అడుగుల్లో ఉంటుంది, దారి చూపించిన ఓధమ్ మనిషి పేరు మాత్రం ఉండదు. ఇది పోర్టల్ తప్పని అనను, లేబుల్‌లో లేనిది పోర్టల్‌లోకి ఎక్కడి నుంచి వస్తుంది. మనవైపు చూస్తే, సామర్లకోటలో ఉండి మొక్కలు సేకరించిన రాక్స్‌బర్గ్ చాలా మొక్కలకు తెలుగు పేర్లు రాసిపెట్టాడు, ఆ ఒక్క అలవాటు అరిజోనా సేకర్తలకి కూడా ఉండుంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది.

మ్యాప్ చుక్కల సంగతి పూర్తిగా చెప్పాలి, ఎందుకంటే అందరూ బోల్తా పడేది ఇక్కడే. 1990లకు ముందు సేకర్తల చేతుల్లో జీపీఎస్ లేదు. "శాంటా రీటా కొండలు, పడమటి వాలు, 4,500 అడుగులు" ఇలా రాస్తారు. లేదంటే అమెరికా భూసర్వే పద్ధతిలో టౌన్‌షిప్, రేంజ్, సెక్షన్ నంబర్లు రాస్తారు. టౌన్‌షిప్ అంటే ఆరు మైళ్లకు ఆరు మైళ్లు, అందులో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ ఒక చదరపు మైలు. దీన్ని తర్వాత ఎవరో అక్షాంశ రేఖాంశాలుగా మారుస్తారు, సాధారణంగా సెక్షన్ నడిమధ్య చుక్క పెడతారు. మధ్య నుంచి మూలకి లెక్కేస్తే 1.1 కిలోమీటర్ల పొరపాటుకి అవకాశం ఉన్నట్టే. సెక్షన్ నంబర్ లేక టౌన్‌షిప్ ఒక్కటే ఉంటే దాదాపు 6.8 కిలోమీటర్లు. మైదానంలో అయితే పర్వాలేదు, కానీ శాంటా రీటా కొండల్లో శిఖరం 9,400 అడుగులు దాటుతుంది, అక్కడ ఏడు కిలోమీటర్లు జరిగితే మెస్కిట్ గడ్డి నేలలో ఉండాల్సిన మొక్క పైన్ చెట్ల మధ్య ప్రత్యక్షమవుతుంది. ప్రతి రికార్డులో అనిశ్చితి ఎన్ని మీటర్లో చెప్పే గడి ఒకటి ఉంటుంది. నింపి ఉంటే సరే. ఖాళీగా ఉంటే ఆ చుక్కను మోడలింగ్‌కి, అంటే మొక్క ఎక్కడెక్కడ పెరగగలదో అంచనా కట్టే లెక్కలకి వాడకండి, అంతే. దశాంశం తర్వాత ఆరు అంకెలు కనిపిస్తే కచ్చితమైందని మురిసిపోవద్దు, అంకెలు కంప్యూటర్ ఎన్నైనా వేస్తుంది. ఎత్తు గడిని, చుక్క ఉన్న చోటి అసలు ఎత్తుని పోల్చి చూడటం నాకు తెలిసిన అన్నిటికన్నా చవకైన పరీక్ష.

ఇంకా ఒక మాట. చుక్కలు ఎక్కువున్న చోట మొక్కలు ఎక్కువున్నాయని కాదు. రోడ్డున్న చోట, యూనివర్సిటీకి దగ్గర్లో, క్యాంపింగ్‌కి వీలున్న లోయల్లో జనం ఎక్కువ సేకరిస్తారు. టూసాన్ చుట్టూ చుక్కలు గుమిగూడి ఉంటాయి, సరిహద్దు అవతల సొనోరా గడ్డి నేలల్లో పల్చగా కనిపిస్తాయి, టెపారీకేమో సరిహద్దు గోడ సంగతి తెలియదు. పైగా ఒకే మొక్కను ఒకే రోజు ఒకే నంబరుతో సేకరించి నకళ్లు నాలుగైదు హెర్బేరియంలకు పంచడం మామూలే. ప్రింగిల్ లాంటి పాత సేకర్తలైతే సెట్లు సెట్లుగా ప్రపంచమంతా పంపారు. అవన్నీ వేర్వేరు రికార్డులుగా కనిపిస్తాయి. లెక్క పెట్టేముందు సేకర్త పేరు, నంబరు, తేదీ కలిపి చూసి నకళ్లు తీసేయండి. ఒక లాభం కూడా ఉంది, ఒక నకలు లేబుల్‌లో చెరిగిపోయిన అక్షరం ఇంకో నకలులో చక్కగా కనిపిస్తుంది.

గుర్తింపు తప్పులు ఉంటాయా అంటే ఉంటాయి. సన్నాకుల టెపారీకీ, ఆంగుస్టిసిమస్ అనే ఇంకో అడవి చిక్కుడుకీ, ఫిలిఫార్మిస్ అనేదానికీ ఎండిపోయాక కాయ లేకపోతే పోలిక పెట్టడం కష్టమే. ఒక హెర్బేరియం షీటు (పేరెందుకు లెండి) టెపారీ అని ఉంది, పేజీలో నమ్మకంగా ఉంది, కానీ ఫోటోలో పువ్వూ లేదు, కాయా లేదు, నాలుగు ఆకులు. అలాంటివాటిని నేను పక్కన పెట్టేస్తాను. చివరి నిర్ధారణ ఎవరు చేశారు, ఏ ఏడాది చేశారు అన్నది పేజీలో చూపిస్తారు, అది తప్పక చూడండి. చిక్కుళ్ల మీదే పనిచేసిన నిపుణుడి చీటీ ఉంటే ధైర్యం. తప్పు కనిపిస్తే కామెంట్ పెట్టొచ్చు, దానికి మాత్రం ఉచిత ఖాతా తెరవాలి. ఈ కామెంట్ పెట్టే వీలు ఉండటం గొప్ప సంగతి, పుస్తకంలో అచ్చయిన తప్పుకి మనం ఏం చేయగలం చెప్పండి.

తేదీలు మాత్రం బంగారం. నెలలవారీగా సర్దితే పూత ఎప్పుడో కాత ఎప్పుడో దానంతటదే కనిపిస్తుంది, వందేళ్లకు పైగా రికార్డులున్నాయి కాబట్టి వానలు ఆలస్యమైన ఏళ్లలో ఏం జరిగిందో వెతికే వీలు కూడా ఉంది. ఇక్కడా ఒక మెలిక, పూత లేని తీగను సేకర్తలు పట్టించుకోరు, కాబట్టి "జూన్‌లో టెపారీ లేదు" అని కాదు, జూన్ ఎండలో తీగ కోసం కొండ ఎక్కినవాళ్లు లేరు అని కూడా అర్థం కావొచ్చు.

జీబీఐఎఫ్‌తో పోలిక అడుగుతారు. కోపెన్‌హాగన్‌లో ఆఫీసు ఉన్న ఆ ప్రపంచ పోర్టల్‌లో ఇవే రికార్డులు చాలావరకు దొరుకుతాయి, ఇతర దేశాల షీట్లతో సహా. డేటా మొత్తం ఒక్కసారి దించుకోవడానికి అదే మేలు. ఒక్కో షీటుని తీరిగ్గా చదువుకోవడానికి ఎస్‌ఈఐనెట్. జనం బతికున్న మొక్కల్ని ఫోటో తీసి పెట్టే ఐనాచురలిస్ట్‌లో ఫోటోలు అందంగా ఉంటాయి, స్థలం కూడా చాలావరకు కచ్చితం, కానీ గింజ చూడాలంటే అక్కడ పొట్లం కూడా లేదు. మన దేశంలో బొటానికల్ సర్వే వాళ్ల ఇండియన్ వర్చువల్ హెర్బేరియం ఉంది, రాయలసీమ గడ్డి నేలల్లోని అడవి పెసర, అడవి అలసంద లాంటివాటి మీద ఆసక్తి ఉన్నవాళ్లు అక్కడ మొదలుపెట్టొచ్చు, లేబుల్ చదివే పద్ధతి అక్కడా ఇదే.

ఎవరికి పనికొస్తుంది? వృక్షశాస్త్రం చదివే పిల్లలకి, పంటల అడవి చుట్టాల మీద పనిచేసేవాళ్లకి, ఊరికే పాత చేతిరాతలు చదివే పిచ్చి ఉన్న నాలాంటివాళ్లకి. ఈ చుక్కలు పట్టుకుని వెళ్లి గింజలు కోసుకొద్దామనుకునేవాళ్లకి మాత్రం కాదు. నేషనల్ ఫారెస్ట్‌లో సేకరణకి అనుమతి కావాలి, సగ్వారో నేషనల్ పార్కులో ఆకు కూడా తెంపకూడదు, ఓధమ్ నేల మీద వాళ్లని అడగకుండా అడుగే పెట్టకూడదు. అరుదైన మొక్కల స్థలాన్ని పోర్టల్ దాచిపెడుతుంది, రికార్డులో స్థలం కనిపించకపోతే కారణం అదే కావొచ్చు, కోప్పడకండి. పెరట్లో వేసుకోవాలంటే సాగు టెపారీ విత్తనం టూసాన్‌లోని నేటివ్ సీడ్స్ సెర్చ్ అనే సంస్థ అమ్ముతుంది, తెల్లది కాస్త తీపి, గోధుమరంగుది మట్టివాసన రుచి. రాత్రంతా నానబెట్టి ఉడికించి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెట్టి గుగ్గిళ్లు చేస్తే ఉలవలకి ఏమాత్రం తీసిపోవు (ఉడకడానికి గంటలు పడుతుంది, కుక్కర్ లేకుండా దిగొద్దు).

స్టార్లంటే, షీట్ల ఫోటోలకి, పాత పేర్లు కలిపి వెతికే పద్ధతికి ఐదుకి ఐదు. మ్యాప్‌కి మూడు, అదీ అనిశ్చితి గడి నింపి ఉంటేనే. డేటా దించుకునేటప్పుడు సీఎస్‌వీ ఫైల్‌ని నేరుగా ఎక్సెల్‌లో తెరవకండి, "మే 12" లాంటి తేదీలనీ సేకర్త నంబర్లనీ అది తన ఇష్టం వచ్చినట్టు మార్చేస్తుంది. ఇంపోర్ట్ దారిలో వెళ్లి అన్ని నిలువు వరసల్నీ టెక్స్ట్‌గా పెట్టుకోండి.